మృత్యువును కోరు రోగి - మన ధర్మము



నయము కాని వ్యాధితో మంచమునంటిన రోగి, “ఇక చాలు, నన్ను పోనిండు” అని వేడినప్పుడు వైద్యుడేమి చేయవలెను? కన్నబిడ్డలేమి చేయవలెను? శాసనమేమి చెప్పవలెను? ఈ ప్రశ్న నేడు పెక్కు దేశముల శాసనసభలలోను, న్యాయస్థానములలోను చర్చింపబడుచున్నది. అది ఎక్కడో పడమటి దేశములవారి ప్రశ్న, మనకేల యని తోచవచ్చును. కాని గోదావరి ఉత్తరవాహినియై పారుచున్న చెన్నూరు వంటి మారుమూల పట్టణమునను, చుట్టునున్న పత్తిచేల పల్లెలలోను, బొగ్గుగనుల కాలనీలలోను ఈ ప్రశ్న పేరు లేకయే తిరుగుచున్నది. దానిని కొంత వివరముగా విచారించుటయే నేటి ప్రసంగమున మా ఉద్దేశము.

మన తాతముత్తాతల కాలమున ఈ చిక్కు ఇంతగా లేదు. వైద్యుడు నాడి చూచి పెదవి విరిచినచో, బంధువులకు కబురు పంపెడివారు. తుదిఘడియ సమీపించగానే మంచము దించి, నోట తులసితీర్థము పోసెడివారు. ముసల్మానుల ఇండ్లలో పెద్దలు చేరువ కూర్చుండి యాసీన్ చదివెడివారు. మరణమునకు ఒక స్థలముండెను, ఒక మర్యాద యుండెను. బాధ లేకపోలేదు. కాని చావును ఆపుటకు గాని, సాగదీయుటకు గాని సాధనములు లేకుండెను.

సాధనములు గత శతాబ్దమున వచ్చినవి. ఊపిరి ఆడింపగల వెంటిలేటరు వచ్చినది. గొట్టము ద్వారా ఆహారము నందించు పద్ధతి వచ్చినది. మూత్రపిండముల పని చేయు డయాలిసిస్ యంత్రము వచ్చినది. వీనివలన లక్షలాది ప్రాణములు నిలిచినవి. ప్రమాదమున గాయపడిన యువకుడు, పాము కరచిన రైతు, కాన్పు కష్టమైన తల్లి వీనివలననే ఇల్లు చేరుచున్నారు. కాని అదే యంత్రము, దేహమంతయు క్యాన్సరు వ్యాపించిన వృద్ధునకు తగిలించినప్పుడు, బ్రతుకును పొడిగించుటకు మారుగా మరణమును పొడిగించుచున్నది. మన పల్లెలనుండి పెద్దరోగమన్నచో మంచిర్యాలకు, కరీంనగరమునకు, వరంగల్లునకు, తుదకు హైదరాబాదునకు పోవుట తెలిసినదే. అచ్చట గాజుతలుపుల వెనుక ఒంటరిగా పడియున్న పెద్దాయన కొడుకు కనబడగానే, “బిడ్డా, గీ గొట్టాలు తీపియ్యి, నన్ను ఇంటికి తోల్కపో” అనును. ఆ కొడుకు ఏమి చేయగలడు? వైద్యుని అడుగుటకు జంకు. తీసికొనిపోయినచో బాపును చంపుకొన్నవాడని లోకమనునను భయము. ఉంచినచో దినదినమునకు పెరుగు ఖర్చు. ఈ మూటి నడుమ నలుగుచున్నవారు మన నడుమ తక్కువగా లేరు.

ఈ విషయమున ముందుగా మూడు మాటలను విడదీసి చూడవలెను. మొదటిది, రోగి కోరికపై వైద్యుడే ప్రాణాంతకమైన మందు నెక్కించుట. రెండవది, వైద్యుడు మందు వ్రాసియిచ్చుట, రోగి దానిని తన చేతితో తాను త్రాగుట. మూడవది, ప్రయోజనము లేని యంత్రములను, చికిత్సలను నిలిపివేసి, వ్యాధిని దాని దారిన పోనిచ్చుట. మన పత్రికలు ఈ మూడింటిని కలిపి “కారుణ్య మరణము” అని వ్రాయుచున్నవి. దీనివలన చర్చ చెదరిపోవుచున్నది. మొదటి రెండును నేటికిని మన దేశమున నేరములే. రోగి సమ్మతించెనన్నను, మందు నెక్కించిన వైద్యునకు శిక్ష తప్పదు. సమ్మతి యున్నచో నేరము హత్యకంటె ఒక మెట్టు తగ్గునంతే. మూడవదానిని మాత్రము మన సర్వోన్నత న్యాయస్థానము కొన్ని కట్టుబాట్లతో అంగీకరించినది.

ఆ అంగీకారము ఒక్కనాట వచ్చినది కాదు. దాని వెనుక మన తెలుగునాట జరిగిన ఒక విషాదగాథ కూడ కలదు. హైదరాబాదున వెంకటేశ్ అను ఇరువదియైదేండ్ల యువకుడుండెను. చదరంగమున పేరొందినవాడు. డ్యూషేన్ అను కండరముల క్షీణవ్యాధి బాల్యముననే ఆయనను పట్టినది. జన్యులోపమువలన కలుగు ఈ వ్యాధి సామాన్యముగా మగపిల్లలకే వచ్చును. మొదట కాళ్లు, పిదప చేతులు, తుదకు ఊపిరి పీల్చు కండరములు చచ్చుపడును. బుద్ధి మాత్రము చురుకుగనే యుండవచ్చును. 2004వ సంవత్సరాంతమున ఆయన యంత్రముపై ఆధారపడి యుండెను. తన అవయవములు పాడుకాకమునుపే యంత్రమును తొలగించి, వానిని పరులకు దానము చేయనిండని ఆయన కోరెను. తల్లి ఆ కోరికను మన్నించి ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించెను. 1994 నాటి అవయవ మార్పిడి చట్టము ప్రకారము, మెదడు మరణించినట్లు నిర్ధారణ యైన పిదపనే యట్టి రోగినుండి గుండె వంటి అవయవములను తీయవచ్చును. వెంకటేశ్ మెదడు మేలుకొనియే యున్నది. న్యాయస్థానము అనుమతి నిరాకరించెను. ఆ డిసెంబరు నెలలోనే ఆయన కన్నుమూసెను. ఆయన నేత్రములు మాత్రము దానమొనరింపబడినవి.

ఈ గాథలో ఎవరిని తప్పుపట్టగలము? ఒక మనిషి బ్రతికియుండగా అతని అవయవములను తీయుటకు ఒకమారు తలుపు తెరచినచో, రేపు ఆ తలుపున ఎవరు ప్రవేశింతురో చెప్పలేము. న్యాయస్థానము జంకుట సహేతుకమే. కాని ఆ తల్లి తన కుమారుని మరణమును కోరలేదు; తప్పని మరణమునకు ఒక అర్థమును కోరినది. శాసనము ఆమెకు చెప్పగలిగిన మాట నాడు ఒక్కటియు లేకుండెను. ఆ తల్లీకొడుకుల చరిత్ర పిదప నవలయై, 2022లో చలనచిత్రమై దేశమంతట తెలిసినది.

న్యాయస్థానముల మాట ఎట్లు మారినదో క్లుప్తముగా మనవి చేసెదము. జీవించుహక్కులో మరణించుహక్కు ఇమిడియున్నదా అను ప్రశ్నకు 1980ల దశకమున బొంబాయి హైకోర్టు ఔననగా, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కాదనెను. 1994లో సుప్రీంకోర్టు బొంబాయివారి పక్షమున మ్రొగ్గెను. 1996లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును కొట్టివేసి, జీవించుహక్కునందు మరణించుహక్కు లేదనియు, అయినను సహజ మరణము సమీపించిన వేళ గౌరవముతో మరణించుట జీవనములో భాగమేయనియు చెప్పెను.

అటుపిమ్మట వచ్చినది బొంబాయి నర్సు అరుణా శాన్‌బాగ్ వ్యాజ్యము. 1973లో తాను పనిచేయు ఆసుపత్రిలోనే ఒక దుర్మార్గుని దౌర్జన్యమునకు గురియై, మెదడు దెబ్బతిని, ఆమె మంచమున పడెను. ఆమెకు ముక్తి నిండని ఒక రచయిత్రి కోరగా, ఆమెను దశాబ్దములుగా కన్నబిడ్డవలె సాకిన కె.ఇ.ఎం. ఆసుపత్రి నర్సులు వలదనిరి. 2011 మార్చి 7న సుప్రీంకోర్టు ఆ నర్సుల మాటనే మన్నించెను. కాని అదే తీర్పులో, తగిన సందర్భములలో హైకోర్టు అనుమతితో చికిత్సను నిలుపవచ్చుననియు చెప్పెను. అరుణ 2015 మే 18న న్యుమోనియాతో సహజముగనే మరణించెను. నలువది రెండేండ్లు ఒక మనిషిని చేతులలో పెట్టుకొని చూచుకొన్న ఆ నర్సుల సేవ, ఈ చర్చలో ఏ వాదమునకును తీసిపోని సాక్ష్యము.

2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, గౌరవముతో మరణించుట ప్రాథమిక హక్కులో భాగమని ప్రకటించి, ప్రతి వ్యక్తియు తన తుదికాల చికిత్సనుగూర్చి ముందుగనే పత్రము వ్రాసియుంచవచ్చునని తీర్పు చెప్పెను. దీనినే జీవన వీలునామా యనుచున్నారు. అప్పటి నిబంధనలు మేజిస్ట్రేటు సంతకముతోను, కలెక్టరు నియమించు వైద్యమండలితోను ముడిపడి, ఆచరణకు కష్టమైనవి. అందుచే 2023 జనవరిలో న్యాయస్థానము వానిని సడలించెను. ఇప్పుడు ఇద్దరు సాక్షుల యెదుట వ్రాసి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువీకరింపజేసికొనిన చాలును. రోగి నోట మాట లేని స్థితికి వచ్చినప్పుడు, ఆసుపత్రిలో ముగ్గురు వైద్యుల మండలి యొకటి, దానిపై మరియొక మండలి పరీక్షించి, బంధువుల సమ్మతితో నిర్ణయింపవలెను. పత్రము లేనివారి విషయమునను ఈ రెండు మండలుల విచారణయే మార్గము. నిర్ణయమును అమలుపరచుటకు ముందు మేజిస్ట్రేటునకు తెలియజేయవలెను.

యంత్రమును తొలగించుట చంపుట కాదా యని మీరు అడుగవచ్చును. మా అభిప్రాయమున కాదు. వరదను ఆపలేక గట్టుమీదినుండి తప్పుకొన్నవాడును, గట్టును తెగకొట్టినవాడును ఒక్కటి కారు. వ్యాధి చంపుచున్నది; మనము దానికి అడ్డము నిలిచి, ఇక నిలిచి లాభము లేదని తెలిసి తప్పుకొనుచున్నాము. మన దేశమునకు ఈ తప్పుకొనుట క్రొత్తది కాదు. జైనులు సల్లేఖన యను వ్రతమున అన్నపానములను క్రమముగా విడిచి దేహమును చాలించుట యెరిగినదే. కరీంనగరము జిల్లా కురిక్యాల చెంతనున్న బొమ్మలగుట్ట వంటి చోట్లు మన ప్రాంతమునను జైనము ఒకనాడు వర్ధిల్లెననుటకు సాక్ష్యములు. 2015లో రాజస్థాన్ హైకోర్టు సల్లేఖనను నేరమనగా, ఆ నెలలోనే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలుపుదల చేసెను. 1951లో మన పోచంపల్లిలో భూదానోద్యమమునకు అంకురార్పణ చేసిన ఆచార్య వినోబా భావే, 1982 నవంబరులో జబ్బుపడి, తుదిఘడియ వచ్చినదని యెంచి అన్నమును, ఔషధమును నిరాకరించి పౌనారు ఆశ్రమమున దేహము చాలించెను. చెన్నూరునకు ఆవల, ప్రాణహిత గోదావరిలో కలియు తావున కాళేశ్వర క్షేత్రమున్నది. అచ్చట ఒకే పానవట్టముపై రెండు లింగములు: ఒకటి కాలునిది, మరియొకటి ముక్తీశ్వరునిది. మృత్యువును, ముక్తిని ఒకేచోట నిలిపి పూజించిన జాతికి, మరణమును పరమశత్రువుగా నెంచి తుదిశ్వాసవరకు యంత్రములతో పోరాడుటయే ధర్మమని ఎవరు నేర్పిరి?

అయినచో ఇంకొక అడుగు ముందుకు వేసి, మందు ఇచ్చుటను కూడ అంగీకరింపరాదా? కొన్ని దేశములు అంగీకరించినవి. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున 1997నుండి, ఆరునెలలకు మించి బ్రతుకడని వైద్యులు నిర్ణయించిన రోగికి ప్రాణాంతకమైన మందు వ్రాసియిచ్చు చట్టము అమలులోనున్నది. నెదర్లాండ్సున 2002నుండి వైద్యుడే ఆ పని చేయవచ్చును. కెనడా 2016లో ఇట్టి చట్టమును తెచ్చెను. మన తెలుగువారు పెక్కుమంది స్థిరపడిన కాలిఫోర్నియాలో 2016నుండి, న్యూజెర్సీలో 2019నుండి ఆరెగాన్ వంటి చట్టమే కలదు. కనుక అక్కడి తెలుగు కుటుంబములకు ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు.

ఆ చట్టములను సమర్థించువారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. దేహము నాది, బాధ నాది. తుదినిర్ణయము పరులదెట్లగునని వారందురు. యంత్రము తగిలించినవాని కోరిక మన్నింపబడుచుండగా, యంత్రము లేకయే కుళ్లి కుళ్లి చచ్చుచున్నవాని కోరిక ఏల మన్నింపబడదని అడుగుదురు. ఇది బలమైన ప్రశ్న. పైగా ఆరెగాన్ నివేదికలను చూచినచో, మందు కోరినవారు చెప్పిన కారణములలో నొప్పికంటె పరాధీనత ముందు నిలుచుచున్నది. తన పనులు తాను చేసికొనలేకపోవుట, గౌరవము కోల్పోవుట వారిని ఎక్కువ బాధించినవి. మన పెద్దలు మాత్రము వేరే కోరుదురా? కాళ్లు చేతులు ఆడుచుండగనే పోవలెనని, ఒకరిచేత చేయించుకొనరాదని, అనాయాస మరణము ప్రసాదింపుమని దేవుని మ్రొక్కని వృద్ధుడు మన యూళ్లలో అరుదు.

అయినను మేము సందేహించుటకు కారణమున్నది. మనవద్ద చావును కోరు గొంతు ఎవరిదో తేల్చుట కష్టము. 2016లో చిత్తూరు జిల్లాలో ఒక పేద దంపతులు, కాలేయవ్యాధితో బాధపడుచున్న తమ పసిపాపకు కారుణ్య మరణము ప్రసాదింపుడని న్యాయస్థానము నాశ్రయించిరి. వార్త పత్రికలకెక్కగానే ప్రభుత్వము ఖర్చు భరించుటకు ముందుకు వచ్చెను. పాపకు కాలేయ మార్పిడి జరిగెను. ఆ అర్జీలో వ్రాసినది మరణము, అడిగినది ధనము. నాడు శాసనము “తథాస్తు” అని యుండినచో ఏమగునో తలచుకొనుడు.

మన వృద్ధుల మాటలోను ఈ మర్మమే యుండవచ్చును. “నేను పోతే మీకు సుఖం” అను అవ్వ, నిజముగా పోగోరుచున్నదా, లేక కోడలు విసుగుకొనక ఒక్క మంచిమాట ఆడవలెనని కోరుచున్నదా? “నా కోసం ఎకరం అమ్మకుండ్రి” అను తండ్రి చావును కోరుచున్నాడా, భూమిని కాపాడుచున్నాడా? ఆరోగ్యశ్రీ పథకము 2007లో వచ్చినను, పెద్దరోగము వచ్చిన ఇంట అప్పు పుట్టుట మానలేదు. అప్పు తలుపు తట్టుచున్న ఇంట, మందు వ్రాసియిచ్చు చట్టము కూడ ప్రవేశించినచో, నోరులేని రోగిపై ఎవరును నోరు మెదపకయే ఒత్తిడి పడును. కోరిక స్వచ్ఛందమేనా యని విచారించు వైద్యునకు, ఆ ఒత్తిడి కనబడదు. కెనడాలో మరణము సమీపింపని రోగులకు కూడ 2021లో ఆ చట్టమును విస్తరించినప్పుడు, వికలాంగుల సంఘములు ఈ భయముననే ఎదురు నిలిచినవి. సంపన్నదేశముననే ఈ భయమున్నచో, మన సంగతి చెప్పనేల?

కనుక మా దృష్టిలో ముందు తీర్చవలసిన ఋణము వేరొకటి కలదు. అది నొప్పి. క్యాన్సరు తుదిదశలోని నొప్పి ఎట్టిదో చూచినవారికి తెలియును. రోగి నిద్ర పోడు, పోనీయడు. గోడకు తల కొట్టుకొనును. ఆ నొప్పికి ఔషధము లేక కాదు. నల్లమందునుండి తీయు మార్ఫిన్ చవుకైన మందు. నోట వేసికొను మాత్ర. కాని 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము దుర్వినియోగమును అరికట్టబోయి, లైసెన్సులపై లైసెన్సులు పెట్టి, ఆసుపత్రులలో ఆ మందు దొరకకుండ చేసినది. 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి మార్గము సుగమము చేసెను. అయినను మందు వ్రాయుటకు శిక్షణ పొందిన వైద్యులు కావలెను. మార్ఫిన్ అనగానే అలవాటుపడిపోదురను అపోహ తొలగవలెను.

వ్యాధి నయము కాకున్నను బాధను తగ్గించు ఈ విద్యను ఉపశమన చికిత్స యందురు. 1967లో లండనులో సిసిలీ సాండర్సు అను వైద్యురాలు స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్ ఆశ్రయము దీనికి నూతన రూపమిచ్చెను. మన దేశమున ఇది 1993నుండి కోళికోడు మొదలుకొని కేరళలో ఊరూర వ్యాపించెను. అచ్చట ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది, ఇంటింటికి పోయి పుండ్లు కడుగుట, మందులిచ్చుట, కూర్చుండి మాటాడుట చేయుచున్నారు. హైదరాబాదున ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఈ విభాగము పేదలకు మార్ఫిన్ అందించుచున్నది. తెలంగాణమున జిల్లాలలోను “ఆలన” యను పేర ఉపశమన చికిత్సాకేంద్రములు ఏర్పడినవి. పేరు చక్కనిది. ఆ పేరునకు తగిన సేవ, మంచిర్యాల దాటి, చెన్నూరు దాటి, కోటపల్లి మండలమున ప్రాణహిత యొడ్డుననున్న చివరి గూడెమువరకు చేరుటయే కావలసినది. నొప్పి తెలియని మూడు రాత్రులు గడిచిన పిదప రోగిని అడిగి చూడవలెను. చావు కోరిక నిలిచినదా, నొప్పితో పాటు పోయినదా యని.

అన్నియు చేసినను, ఆ కోరిక నిలిచియుండువారు కొందరుందురు. మందులకు లొంగని బాధ కలదు; వెంకటేశ్ వలె మేలుకొనియుండి దేహము చచ్చుచుండుట కలదు. అట్టివారికి సమాధానము మావద్ద సిద్ధముగా నున్నదని మేము చెప్పజాలము. మీ కోరిక పాపమని వారితో అనుటకు ఆరోగ్యవంతులమైన మనకు అధికారము లేదు. కాని ఆ కొలదిమంది కొరకు శాసనమును మార్చుటకు పూర్వము, తక్కినవారి కోరిక బీదతనమునుండి, నొప్పినుండి, ఒంటరితనమునుండి పుట్టుటలేదని మనము గుండెపై చేయి వేసికొని చెప్పగలుగవలెను. నేడు చెప్పలేము.

అంతవరకు మన చేతనున్న పనులు కొన్ని కలవు. పెద్దలు తెలివిగానున్నప్పుడే, తుదికాలమున తమకేమి కావలెనో, ఏమి వలదో బిడ్డలను కూర్చుండబెట్టుకొని చెప్పవలెను. అశుభమేల పలుకవలెనని తప్పించుకొనరాదు. పొలము పంచుటకు కాగితము వ్రాయువారు, ప్రాణము పోవు తీరునకు ఒక కాగితము వ్రాయుటలో తప్పులేదు. నోటరీ ప్రతి పట్టణమున దొరుకును. ఆ పత్రపు ప్రతి పురపాలక సంఘమున గాని, పంచాయతీలో గాని నియమిత అధికారి వద్ద ఉంచవచ్చునని 2023 నాటి ఉత్తర్వే చెప్పుచున్నది. వైద్యులు, “ఇక లాభము లేదు” అను మాటను దాచక, మెత్తగా చెప్పుట నేర్వవలెను. ఆ మాటతో పాటు, “మేము మిమ్ము విడువము, నొప్పి లేకుండ చూతుము” అను రెండవ మాటయు చెప్పవలెను. రోగిని ఇంటికి తెచ్చుకొన్న కొడుకును, చికిత్స మాన్పించెనని నిందించు అలవాటును ఊరివారు మానుకొనవలెను.

మన ఇంట మంచముననున్న మనిషి “నన్ను పోనిండు” అని అన్ననాడు, వెంటనే ఔననవలదు, కాదనియు అనవలదు. ప్రక్కన కూర్చుండి, ఎక్కడ నొచ్చుచున్నదని అడుగుడు.